ఉబ్బు గిటారుకు మెత్తని సంచి

గిటారు మీకు కొత్తేమీ కాదు. పెళ్లి పందిట్లో చూసుంటారు. చర్చిలో చూసుంటారు. సినిమాలో హీరో చేతిలోనైనా చూసుంటారు. ఎనిమిది అంకె లాగా మధ్యలో నడుమున్న ఒక చెక్క పెట్టె. దాన్ని పొట్ట అందాం. పొట్టకు పొడుగాటి మెడ. మెడ చివర తల. తలకు ఆరు బిరడాలు, వాటికి ఆరు తీగలు. అంతే గిటారు.

అయితే గిటార్లన్నీ ఒక్క తీరు కాదు. మనకు ఎక్కువగా కనిపించే గిటారు పైచెక్క పీటలాగా చదునుగా ఉంటుంది. మధ్యలో గుండ్రని కన్నం ఉంటుంది. ఇంకో రకం ఉంది. దాని పైచెక్క మధ్యలో ఉబ్బి, అంచుల దగ్గర దిగి ఉంటుంది. బోర్లించిన పళ్లెం చూడండి, అట్లాగన్నమాట. గుండ్రని కన్నం ఉండదు. దాని బదులు రెండు పక్కలా రెండు పొడుగు కన్నాలు ఉంటాయి, వయొలిన్‌కు ఉన్నట్టు. ఈ రకాన్ని ఆర్చ్‌టాప్ అంటారు. ఆర్చ్ అంటే కమాను. టాప్ అంటే పైభాగం. ఇక్కడ మనం ఉబ్బు గిటారు అనుకుందాం. పలకడానికి సులువు.

దీన్ని అమెరికాలో కలమజూ అనే ఊళ్లో ఆర్విల్ గిబ్సన్ అనే పనివాడు మొదలుపెట్టాడు. వయొలిన్ పైచెక్కను ఉబ్బుగా చెక్కుతారు గదా, గిటారుకు, మాండలిన్‌కు కూడా అట్లా ఎందుకు చెక్కకూడదు అని ఆయన ఆలోచన. 1902లో ఆయన పేరు మీద కంపెనీ పెట్టారు. 1922లో ఆ కంపెనీ ఎల్-5 అనే గిటారు తెచ్చింది. అప్పట్లో పెద్ద పెద్ద బాజా బృందాల మధ్య మామూలు గిటారు వినపడేది కాదు. ఇది వినపడింది. అందుకే పేరొచ్చింది.

పరాయి దేశపు వాద్యం మనకెందుకు అనకండి. వయొలిన్ కూడా పరాయిదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చాడు. హార్మోనియం కూడా బయటి నుంచి వచ్చిందే. అది లేకుండా తెనాలిలో పద్య నాటకం ఆడగలరా? పాలకొల్లు కుర్రవాడు శ్రీనివాస్ మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయించి, 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. వాద్యానికి ఊరేమిటి, వాయించేవాడిదే వాద్యం.

ఇంతకీ సంచి సంగతికి వద్దాం.

మా తెనాలి చదువు కేంద్రానికి రాత్రిపూట వచ్చేవాళ్లలో ఒక బాబాయ్ ఉన్నాడు. మోటారు సైకిళ్లకు సీటు కవర్లు కుడతాడు. బడి పిల్లల సంచులు కూడా కుడతాడు. కొత్తగా చదువు నేర్చాడు. ఇప్పుడు టేపు మీద అంకెలు చదివి, కొలతలు తానే కాగితం మీద రాసుకుంటాడు. ఆయన దగ్గరికి రేపల్లె నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఆ అబ్బాయి ఆదివారం రేపల్లెలో ప్రార్థనకు గిటారు వాయిస్తాడు. పెళ్లిళ్ల రోజుల్లో బాపట్ల పోతాడు. వారానికి రెండు రోజులు తెనాలి వచ్చి పిల్లలకు నేర్పుతాడు. ఈ మూడు ఊళ్ల మీదే అతని బతుకు.

అతనిది ఉబ్బు గిటారు. చెన్నైలో సినిమా వాద్య బృందాల్లో పనిచేసిన ఒక పెద్దాయన దగ్గర పాతది కొన్నాడు. డబ్బు వాళ్లమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసి ఇచ్చింది. వాయిదాలు ఇంకా కడుతున్నారు. అట్లాంటి గిటారును పల్చటి గుడ్డ కవర్లో పెట్టి రైల్లో తీసుకుపోతుంటే, ఎవరిదో మూట దాని మీద వాలింది. బ్రిడ్జి పక్కకు జరిగింది. పైచెక్క మీద గీత పడింది. ఆ పూట బాపట్లలో పెళ్లి. ఎంత శ్రుతి చేసినా కుదరలేదు. పాట పాడే అక్క అతని వంక చూడటం, అతను తల దించుకోవడం. ఆ పూట కూలి సగమే ఇచ్చారు.

"బాబాయ్, మెత్త వేసి ఒక సంచి కుడతావా?" అని అడిగాడు.

"సంచిదేముంది అబ్బాయ్, కుడతా. ముందు నీ గిటారు సంగతి చెప్పు. ఎక్కడ నొక్కితే చెడిపోతుందో అది చెప్పు," అన్నాడు బాబాయ్.

నాకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. సంచి కొనేవాళ్లు రంగు చూస్తారు, జేబులు లెక్క పెడతారు. ఈయన దెబ్బ ఎక్కడ తగులుతుందో అడిగాడు.

ఉబ్బు గిటారుకు దెబ్బ ఎక్కడ?

మామూలు గిటారుకు తీగలు ఆనే చెక్క ముక్క, అంటే బ్రిడ్జి, పైచెక్కకు జిగురుతో అతికించి ఉంటుంది. అది కదలదు. ఉబ్బు గిటారుకు చాలావరకు అట్లా అతికించరు. బ్రిడ్జిని ఊరికే పైచెక్క మీద నిలబెడతారు. తీగలు దాని మీదుగా పోయి, గిటారు అడుగున ఉన్న లోహపు పట్టీకి కట్టి ఉంటాయి. తీగలు బిగించినప్పుడు వాటి ఒత్తిడే బ్రిడ్జిని అక్కడ పట్టి ఉంచుతుంది. ఆరు తీగలూ కలిసి లాగే బలం తక్కువేమీ కాదు. మన ధాన్యం బస్తా 75 కిలోలు. లావు తీగలు వేస్తే బలం దాదాపు అంత ఉంటుంది. సన్న తీగలకు కొంత తక్కువ.

ఇప్పుడు ఆలోచించండి. బ్రిడ్జి నిలువుగా, ఎత్తుగా ఉంది. గిటారు మొత్తంలో ముందుకు పొడుచుకొచ్చేది అదే. పక్క నుంచి తోస్తే జరుగుతుంది. పై నుంచి గట్టిగా నొక్కితే ఆ బరువంతా దాని కింద ఉన్న పైచెక్క మీద పడుతుంది. చెక్క పగలవచ్చు. కాబట్టి సంచి మొదట కాపాడవలసింది బ్రిడ్జిని.

రెండోది తల. చాలా గిటార్లకు తల నిటారుగా ఉండదు, వెనక్కి వంగి ఉంటుంది. గిటారు వెల్లకిలా పడితే ముందు నేలకు తగిలేది తలే. అప్పుడు మెడ, తల కలిసే చోట విరుగుతుంది. విరిగిన మెడను అతికించవచ్చు. కానీ ఆ ఖర్చుకు ఒక్కోసారి కొత్త గిటారే వస్తుంది.

అబ్బాయి ఇదంతా చెప్పాడు. బాబాయ్ టేపు తీశాడు.

కొలతలు

నాకు గిటారు వాయించడం రాదు. టేపు పట్టి కొలవడం వచ్చు. అందుకని ఈ భాగం కాస్త వివరంగా రాస్తున్నాను. మీరు మీ ఇంట్లో ఉన్న ఏ వాద్యానికైనా ఇట్లాగే కొలిచి చూసుకోవచ్చు.

గిటారును మంచం మీద వెల్లకిలా పెట్టారు. తల చివరి నుంచి అడుగున బొడిపె దాకా పొడవు 42 అంగుళాలు. పొట్ట కింది భాగంలో వెడల్పు 17 అంగుళాలు. మామూలు పెద్ద గిటారుకు ఇక్కడ 16 అంగుళాల లోపే ఉంటుంది. ఉబ్బు గిటార్లు 16, 17, 18 అంగుళాల వెడల్పులో కూడా వస్తాయి. అందుకే కొట్లో "అన్ని గిటార్లకూ సరిపోతుంది" అని అమ్మే సంచి దీనికి పట్టకపోవచ్చు. జంబో గిటారు సంచి అని ఒకటి అమ్ముతారు. 17 అంగుళాల దానికి వెడల్పు వరకు అది సరిపోతుంది.

ఇక మందం. ఇక్కడే చాలామంది పొరబడతారు. అంచు దగ్గర కొలిస్తే 3 అంగుళాల పావు వచ్చింది. కానీ పైచెక్క ఉబ్బింది, వెనుక చెక్క కూడా ఉబ్బింది. వాటి మీద బ్రిడ్జి నిలబడి ఉంది. అందుకని బాబాయ్ తీగల మీద, బ్రిడ్జి ఉన్న చోట, ఒక చెక్క స్కేలు అడ్డంగా ఆనించాడు. మంచం పలక నుంచి ఆ స్కేలు దాకా కొలిచాడు. 5 అంగుళాల ముప్పావు. అంచు దగ్గరికీ బ్రిడ్జి దగ్గరికీ తేడా రెండున్నర అంగుళాలు! సంచి లోపలి మందం 5 అంగుళాలే ఉందనుకోండి. జిప్పు ఎట్లాగో బిగించి వేస్తాం. అప్పుడు రైల్లో మూట అక్కర్లేదు, సంచే రోజంతా బ్రిడ్జిని నొక్కుతుంది.

మరీ వదులు సంచి కూడా మంచిది కాదు. గిటారు లోపల కదులుతూ ఉంటే బ్రిడ్జి గుడ్డకు రాసుకుని జరుగుతుంది. అన్ని వైపులా కలిపి అర అంగుళం ఖాళీ ఉంటే చాలు.

బాబాయ్ లెక్క ఇట్లా వేశాడు. గిటారు వెడల్పు 17. ఖాళీ అర. ఇరుపక్కలా మెత్త, ఒక్కో పక్క 20 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్లు దాదాపు ఒక అంగుళం. కాబట్టి రెండు పక్కలా కలిపి 40 మిల్లీమీటర్లు అంటే అంగుళమున్నర పైచిలుకు. మొత్తం 19 అంగుళాలు దాటింది. కుట్టులో పోయేది ఒక పక్క అర, ఇంకో పక్క అర. అంటే 20 అంగుళాల పైన గుడ్డ కావాలి. కాగితం మీద కూడిక వేసి, రెండోసారి కూడి చూసుకున్నాడు. తర్వాత పాత వార్తాపత్రికలు అతికించి, గిటారు చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ లెక్క ప్రకారం కాగితం కత్తిరించాడు. గుడ్డ ఆ తర్వాతే.

మెత్త ఎట్లాంటిది?

సంచుల మీద 5 మి.మీ., 10 మి.మీ., 20 మి.మీ. అని రాసి ఉంటుంది. మి.మీ. అంటే మిల్లీమీటరు. 5 ఉన్నది దుమ్ముకు పనికొస్తుంది, దెబ్బకు పనికిరాదు. ఇంటి నుంచి వీధి చివరకు పోయేవాళ్లకు 10 చాలు. రైళ్లూ బస్సులూ ఎక్కి దిగేవాళ్లకు 20 ఉండాలి.

కానీ అంకె చూసి మోసపోకండి. పరుపులో వాడే స్పాంజి 20 మి.మీ. ఉన్నా వేలితో నొక్కితే అట్టలాగా అణిగిపోతుంది. దాని వెనకాల ఏముందో అది వేలికి తగులుతుంది. దెబ్బ కూడా అట్లాగే తగులుతుంది. రబ్బరు చెప్పు అడుగు ఉంటుంది చూడండి, దాన్ని నొక్కితే కొద్దిగానే దిగి, వెంటనే పైకి లేస్తుంది. అట్లాంటి గట్టి ఫోమ్ కావాలి. దానికి ఇంకో గుణం కూడా ఉంది. పరుపు స్పాంజిలో కన్నాలన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి, నీళ్లు పీలుస్తుంది. చెప్పు ఫోమ్‌లో గాలి బుడగలు విడివిడిగా మూసి ఉంటాయి, నీళ్లు పీల్చదు.

కొట్లో బొటనవేలితో సంచి నొక్కి చూడండి. అడుగు భాగంలో, పక్కల్లో, బ్రిడ్జి వచ్చే చోట, మూడు చోట్లా నొక్కండి. ముందు పలక మీద మందంగా వేసి, పక్కల్లో పల్చగా వేసే సంచులున్నాయి. నిజానికి గిటారు ఎక్కువగా ఆనేది అడుగు మీద, పక్కల మీద. బాబాయ్ బయటి వైపు గట్టి ఫోమ్ 15 మి.మీ., లోపలి వైపు మెత్త స్పాంజి 5 మి.మీ. వేశాడు. బ్రిడ్జి వచ్చే చోట మాత్రం నొక్కకుండా, దాని చుట్టూ గూడులాగా వచ్చేట్టు అదనంగా ఒక ఫోమ్ చట్రం కుట్టాడు. పైన ఏదైనా వాలితే బరువు ఆ చట్రం మీద పడి, అంచులకు పోతుంది. ఇది ఆయన సొంత ఆలోచన. సీటు కవర్ల పని ఊరికే పోలేదు.

మెడ కింద కూడా ఒక దిండు ఉండాలి. తల దిండు మీద పెట్టకూడదు. మెడ మాత్రమే దిండు మీద ఆని, తల వెనక ఖాళీ ఉండాలి. అప్పుడు సంచి వెల్లకిలా పడ్డా తల నేలకు కొట్టుకోదు. కొన్న సంచుల్లో ఈ దిండు వెల్‌క్రో పట్టీతో ఉంటుంది. పట్టీ వేసి చూసి, తల వెనక మీ రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూడండి.

లోపలి గుడ్డ సంగతి ఒకటి. బాబాయ్ లోపల రెక్సిన్ వేద్దామన్నాడు. తుడుచుకోవడం సులువని. అబ్బాయి వద్దన్నాడు. అతని మాటే నిజం. పాత గిటార్లకు వేసిన కొన్ని పాలిషులకు రెక్సిన్, రబ్బరు పడవు. చాలాకాలం తగిలి ఉంటే పాలిషు మెత్తబడి అంటుకుపోతుంది. లోపల నున్నని గుడ్డే వేయాలి.

బయటి గుడ్డ, జిప్పు

సంచి చీటీ మీద 600 డెనియర్, 1680 డెనియర్ అని ఉంటుంది. డెనియర్ అంటే దారం లావును చెప్పే కొలత. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 9 కిలోమీటర్ల దారం 600 గ్రాములుంటే 600 డెనియర్. అంకె పెరిగితే దారం లావు. 600 మనకు చాలు. దాని లోపలి వైపు నీరు దిగని పూత ఉందో లేదో చూడండి. ఆ పూత లేకపోతే 1680 కూడా వానకు నిలవదు.

జిప్పుకు రన్నరు ఉంటుంది గదా, దాన్ని తిప్పి వెనక చూడండి. చాలావాటి మీద 5, 8, 10 అని ఏదో ఒక అంకె పోసి ఉంటుంది. అది జిప్పు పళ్ల వెడల్పును బట్టి ఇచ్చిన సైజు. గిటారు సంచికి 8 గానీ 10 గానీ కావాలి. 5 బడి పిల్లల సంచికి. కొట్టువాడు ఏం చెప్పినా, ఆ అంకె మీరే చదువుకోవచ్చు. జిప్పు లోపలి వైపు ఒక గుడ్డ అంచు కూడా ఉండాలి. లేకపోతే పళ్లు గిటారు పక్కను గీరుతాయి.

చేతి పిడి, భుజం పట్టీలు సంచికి ఎట్లా కుట్టారో చూడండి. ఒక్క వరస కుట్టు అయితే వద్దు. చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులాగా అడ్డంగా కుట్టి ఉండాలి. పట్టీ తెగితే మిగతా మంచి గుణాలన్నీ వృథా.

వాన, ఉప్పు గాలి, ప్రయాణం

తెనాలి నుంచి రేపల్లెకు రైలు దారి 34 కిలోమీటర్లు. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ పోతుంది. రేపల్లెతో ఆ దారి ఆఖరు. బాపట్ల మాత్రం విజయవాడ, చెన్నై పెద్ద లైను మీద ఉంది. 2022 ఏప్రిల్ నుంచి రేపల్లె, బాపట్ల ఒకే జిల్లా అయినా, రైల్లో పోవాలంటే తెనాలి వచ్చి మారాల్సిందే. అంటే గిటారు ఎక్కడం రెండుసార్లు, దిగడం రెండుసార్లు.

సామాను పెట్టే పై పలక మీద గిటారు పెట్టకండి. మీ తర్వాత ఎక్కినవాళ్లు దాని మీద పెట్టె పెడతారు. వాళ్ల తప్పూ కాదు, సంచిలో ఏముందో వాళ్లకు తెలియదు. మోకాళ్ల మధ్య నిలబెట్టి, మెడ చేత్తో పట్టుకోవడమే మేలు. బండి మీద వీపుకు తగిలించుకున్నప్పుడు సంచి తల మీ తలకన్నా పైకి ఉంటుంది. గుమ్మాల దగ్గర, రైలు తలుపు దగ్గర వంగాలి. భుజం పట్టీలు కాస్త పైన కుట్టించుకుంటే సంచి కిందికి దిగి ఈ బాధ తగ్గుతుంది.

బస్సు వెనక డిక్కీలో వేయాల్సి వస్తే మెత్తని సంచి పనికిరాదు. ఎంత మంచిదైనా సరే. దానికి గట్టి పెట్టె కావాలి. పెట్టె బరువు, ఖరీదు ఎక్కువ. ఎప్పుడో ఒకసారి దూరం పోయేవాళ్లు తెలిసినవాళ్ల దగ్గర పెట్టె అడిగి తెచ్చుకోవడం నయం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. క్రిస్మస్ పాటలకు తిరిగే రోజులు కూడా అవే. జిప్పులోంచి నీళ్లు దిగుతాయి, అది ఏ సంచికైనా తప్పదు. సంచి మీద వేయడానికి పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఎండాకాలం ఇంకో రకం ప్రమాదం. ఎండలో నిలిపిన కారులో గిటారు వదిలితే వేడికి జిగురు వదులవుతుంది. సూర్యలంక వైపు ఉప్పు గాలికి తీగలు తుప్పు పడతాయి. ఇంటికి రాగానే తీగలు పొడి గుడ్డతో తుడవాలి.

తీగలు మార్చేటప్పుడు ఆరూ ఒక్కసారి విప్పకండి. బ్రిడ్జి ఊడి చేతిలోకి వస్తుంది. ఒకటి విప్పి, కొత్తది వేసి, తర్వాత రెండోది. బ్రిడ్జి జరిగిందని అనుమానం వస్తే టేపు తీయండి. తల దగ్గర తీగలు ఆనే ముక్క నుంచి 12వ మెట్టు దాకా కొలవండి. అక్కడి నుంచి బ్రిడ్జి దాకా కూడా అంతే ఉండాలి, వెంట్రుకవాసి ఎక్కువ. ఈ అబ్బాయి గిటారుకు మొదటిది 12న్నర అంగుళాలు. రెండోది కొలిస్తే 12 ముప్పావు దాటింది. బాపట్లలో శ్రుతి ఎందుకు కుదరలేదో అప్పుడు తెలిసింది. తీగలు కాస్త వదులు చేసి, బ్రిడ్జిని మెల్లగా మెడ వైపుకు జరిపి, మళ్లీ బిగించాడు.

సంచి కుట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ముందు జేబు పెట్టమంటావా అని బాబాయ్ అడిగాడు. పెట్టు, కానీ పొట్ట మీద కాదు, మెడ పక్కన పెట్టు అన్నాడు అబ్బాయి. పొట్ట మీద జేబు ఉంటే పాటల పుస్తకం, నీళ్ల సీసా, అన్నం డబ్బా అన్నీ అందులోకే పోతాయి. ఆ డబ్బా సరిగ్గా బ్రిడ్జి మీదికే వస్తుంది. మెడ పక్క జేబులో అదనపు తీగలు, శ్రుతి చూసే మీటరు పడతాయి. అన్నం డబ్బా చేతి సంచిలో పట్టుకోవాలి.